ధాత కరువు – గుండ్లకమ్మ రేవు

మన సీమ చరిత్రను వ్రాయువారు పండరంగని అద్దంకి శాసనముతోనో, పలనాటి వీరగాథతోనో, కొండవీటి రెడ్డిరాజుల వైభవముతోనో ఆరంభించుట పరిపాటి. అది యుక్తమే. కాని కోట కట్టించినవాని పేరు శాసనమున నిలిచినట్లు, రాయి మోసినవాని పేరు నిలువదు. అట్టి పేరులేని జనులు తమ కష్టమునకొక అర్థమును వెదకికొని, ఆ వెదకులాటచేత తమ బ్రదుకులను తామే దిద్దుకొన్న ఘట్టమొకటి మన ప్రాంతచరిత్రలో కలదు. 1876 మొదలు 1878 వరకు ఒంగోలు సీమను పీడించిన కరువు, ఆ కరువు చివర గుండ్లకమ్మ ఒడ్డున వేలకొలది నిరుపేదలు క్రైస్తవ దీక్ష గైకొనుట – ఇదియే ఆ ఘట్టము.

దీనినిగూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచుండును. కూటికై మతము మార్చుకొనిరని కొందరందురు. ప్రజలను తనవైపు త్రిప్పుకొనుటకై దేవుడే కరువును పంపెనని మరికొందరందురు. రెండును తొందరపాటు మాటలే. మొదటి మాట, పేదవానికి ఆకలియే గాని ఆత్మ లేదనును. రెండవ మాట, లక్షల చావులను దేవుని ఖాతాలో వ్రాయును. జరిగినదానిని నిదానముగా పరిశీలించినచో ఈ రెండింటికంటె గొప్పదియు, మానవగౌరవమునకు తగినదియు నగు సత్యము కానవచ్చును.

కరువుల నేల

మన నల్లరేగడి ప్రత్తికిని మిరపకును తల్లివంటిది. కాని వాన మొగము చాటుచేసిన యేట ఆ తల్లియే నెఱ్ఱెలు విచ్చి నోరు తెరచును. 1832–33లో వచ్చిన నందన కరువున గుంటూరు ప్రాంతపు ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షలమంది నశించిరని నాటి లెక్కలు తెలుపుచున్నవి. ఆ దారుణము తరువాతనే కృష్ణకు ఆనకట్ట కట్టవలెనన్న ఆలోచన బలపడి, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియయ్యెను. డెల్టా పచ్చబడెను. అయినను ఒంగోలు, కనిగిరి, పొదిలి, వినుకొండ ప్రాంతముల మెట్టభూములకు ఆ నీరు ఎక్కలేదు. నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది 1967లో. అంతవరకును ఇచ్చటి రైతునకు ఆకాశమే చెరువు.

ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, వానలు తప్పెను. మరుసటి ఈశ్వర సంవత్సరమునను కష్టము తీరలేదు. మన పెద్దలు దీనిని ధాత కరువనిరి. దక్షిణ భారతమున ఈ కరువువలనను, దాని వెంబడి వచ్చిన విషూచి మొదలగు వ్యాధులవలనను ఏబది లక్షలకు మించి మరణించిరని అంచనా. వాన లేకపోవుట ఒక కారణము మాత్రమే. ఒకవైపు దేశమునుండి ధాన్యపు ఎగుమతి సాగుచుండెను. మరియొకవైపు 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువుపనులు చేయు కూలివానికిచ్చు ధాన్యమును దినమునకొక పౌనునకు తగ్గించెను. ఆ కొలత మనుష్యుని నిలుపజాలదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. కొలది నెలలకు దానిని మరల పెంచవలసివచ్చెను. కావున ఆ చావులలో ప్రకృతి పాలెంతయో, పాలకుల పాలెంతయో విచారింపక, భారమంతయు దైవముపై మోపుట న్యాయము కాదు.

కరువు అందరికిని వచ్చినను అందరికి సమముగా రాలేదు. నాడు అంటరానివారుగా ఎంచబడిన మాదిగలు రైతునకు చెప్పులు, పగ్గములు, కపిల తోళ్లు కుట్టియిచ్చి, కళ్లమున మేర ధాన్యమును గైకొని జీవించుచుండిరి. కళ్లమే లేని యేట మేర ఎచ్చటిది? బావులెండినచో కపిల తోలుతో రైతునకేమి పని? రైతు పాత గాదెను తడవుకొనుచుండగా మాదిగవాని కుండ మొదటనే బోర్లబడెను.

కరువునకు ముందే మొలచిన విత్తు

కరువుతోనే ఈ కథ మొదలైనదనుకొనుట పొరపాటు. అమెరికా బాప్తిస్టు మిషను పక్షమున శామ్యూల్ డే 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పదుమూడేండ్లు గడచినను ఫలితము స్వల్పము. నెల్లూరి మిషనును మూసివేయుదమా యని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. పటముమీద ఒంటిగా నున్న ఆ స్థానమును ఒంటి నక్షత్రమని పిలిచి ఒక కవి పద్యము వ్రాయగా సభ్యుల మనస్సులు మారెనని చెప్పుదురు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు క్రైస్తవులు – ఈ ఐదుగురు ఒంగోలు కొండనెక్కి, దిగువనున్న పల్లెలను చూచి ప్రార్థించిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యందురు. ఆ దినమున వారికి కానవచ్చినది వట్టి మెట్టనేలయే.

పండ్రెండేండ్ల తరువాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలున కాపురము పెట్టెను. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అచ్చట సంఘమేర్పడెను. కాని ఈ సీమలో ఆ విశ్వాసమును పల్లెలకు కొనిపోయినవాడు దొర కాడు. అతడు ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ వర్తకుడు.

పేరయ్య జీవితము మన ప్రశ్నకు మొదటి సమాధానము. ఆయన ఆకలికొని మిషను గుమ్మమున నిలిచినవాడు కాడు. తోళ్ల వ్యాపారము చేసికొనుచు తన కులమువారిలో కొంత నిలకడగా బ్రదుకుచున్నవాడు. క్రైస్తవుడగుటకు ముందే గురువులనాశ్రయించి రాజయోగ సాధన చేసినవాడు. గ్రామదేవతల జాతరలలోని రక్తబలులు రుచింపక, ఒక్కడైన పరమాత్మను వెదకుచుండినవాడు. వ్యాపారమునకై ఉత్తరమున ఏలూరి దెసకు పోయినపుడు క్రీస్తు మాటను వినెను. 1866లో భార్యయగు నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. పిమ్మట ఊరూర తిరిగి తన బంధువులకు బోధించెను. 1867 జనవరిలో క్లౌ ఆయన గ్రామమునకు పోగా, చింతతోపులో ఐదు దినములు సభలు జరిగి, చివర 28 మంది స్నానము పొందిరి. వారందరును పేరయ్య మాటచే సిద్ధపడినవారే.

ఇచ్చట ఒక కఠినమైన పరీక్ష ఎదురయ్యెను. ఒంగోలులో అగ్రకులములవారు కొందరు క్లౌ బోధను ఆదరముతో వినుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని వారు తెలిపిరి. ఎవరిని విడువవలెనో తోచక, క్లౌయు ఆయన భార్యయు వేర్వేరుగా బైబిలు తెరవగా ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కనబడెనని ఆయన జ్ఞాపకములలో నున్నది. లోకము నీచులని త్రోసివేసినవారిని దేవుడేర్పరచుకొనునని బోధించు ఘట్టమది. అంతట మాదిగలను చేర్చుకొనుటకే నిశ్చయము జరిగెను.

చేరినవారికి మూడు సులభమైన నియమములు చెప్పబడెను. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకివి చిన్నవి. కాని ఆనాటి పల్లెలో ఇవి మూడును మూడు తిరుగుబాట్లు. కోతల దినములలో ఆదివారము రాననువాడు వెట్టిని ధిక్కరించినవాడయ్యెను. చచ్చిన గొడ్డును తిననన్నవాడు ఊరు తనకిచ్చిన స్థానమును త్రోసివేసినవాడయ్యెను. జాతరలో డప్పు కొట్టననువాడు గ్రామపు కట్టడినే కాదన్నవాడయ్యెను. అందువలన బావిత్రోవలు మూసివేయబడెను. పొలములకు పోనీయలేదు. గ్రామాధికారులు అభియోగములు మోపిరి. అనగా, ఈ మతము మొదట వారికి కూడు పెట్టలేదు. ఉన్న కూటిని పోగొట్టెను. అయినను 1877 చివరకు ఒంగోలు సంఘమున మూడువేలకు మించిన సభ్యులుండిరి.

కాలువ గట్టున

కరువు వచ్చెను. కృష్ణా డెల్టా కాలువలకును చెన్నపట్టణమునకును నడుమ సముద్రతీరము వెంబడి నావలు నడుచుటకై త్రవ్వుచున్న కాలువను ప్రభుత్వము కరువుపనిగా సాగించెను. నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేర దానికి బకింగ్‌హామ్ కాలువ యను పేరు వచ్చెను. క్లౌ యౌవనమున అమెరికాలో భూమి కొలతల పనిచేసినవాడు. ఆ అనుభవముతో ఆయన ఈ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొనెను. లాభమునకు కాదు, తన ప్రజలు ఇతర గుత్తదారుల మేస్త్రీల చేతులలోపడి నలుగకుండుటకు.

సుమారు మూడువేలమంది ఆ పనిలో నిలిచిరి. ముప్పదిమంది తెలుగు బోధకులు మేస్త్రీలైరి. ఒక్కొక్కరి క్రింద సుమారు నూరుగురు. ఎముకలగూడులైనవారు గంపలెత్తుటకు సయితము శక్తిలేక వచ్చిరి. వారిని మొదట కొంత నిలద్రొక్కుకొననిచ్చి పనిలో పెట్టవలసివచ్చెను. విషూచి పాకలలో ప్రవేశించి అనేకులను కొనిపోయెను. కాని చేసిన పనికి కూలి సరిగా చేతికి వచ్చెను. ఈ మాట పాకినకొలది దూరగ్రామములనుండి వేర్వేరు కులములవారు వచ్చి ఒకే గట్టున మట్టి మోసిరి.

మధ్యాహ్నపు విరామమున, సాయంకాలమున బోధకులు తమ గుంపులతో గట్టున కూర్చుండి మాటలాడుచుండిరి. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయము చివర శ్రమపడువారికి విశ్రాంతి నిత్తునను క్రీస్తు పిలుపు వారు మరల మరల చదివిన భాగము. గద్దెపై కూర్చుండి చదివినవానికి అది ఒక సూక్తి. తలపై మట్టిగంప దింపి వినినవానికి అది తన పేరుపెట్టి పిలిచిన పిలుపు. మేస్త్రీయే తన కులమువాడు, తనవలెనే మాలపల్లె, మాదిగపల్లెల నుండి వచ్చినవాడు, పుస్తకము చదువగలవాడు. ఈ మూడును ఒక్కనియందు చూచుట ఆ కూలివానికి అదివరకెన్నడును తటస్థింపలేదు.

పదునైదు మాసముల నిరీక్షణ

ఇంతవరకు జరిగినది దయగల సహాయము. ఇక జరిగినది ఈ చరిత్రకు నడిబొడ్డు. కాలువపని సాగుచుండగనే వందలకొలది జనులు బాప్తిస్మము కోరిరి. క్లౌ నిరాకరించెను. ఆకలితో నున్నవాడు చేసిన ప్రతిజ్ఞకు ఆకలియే సాక్షియగునని ఆయన భయపడెను. సహాయము సాగినంతకాలము, సుమారు పదునైదు మాసములు, కొత్తవారినెవరిని చేర్చుకొనలేదు. అన్నము పెట్టుటకు మతమడుగలేదు. మతమడిగినవారికి అన్నము చేతబట్టుకొని ఒప్పుకొనలేదు.

ఆలోచించినచో ఇది ఇరుపక్షములకును కఠిననియమము. చచ్చిపోవుచున్నవాడు క్రైస్తవుడుగా చావవలెనని కోరినను ఆగుమనవలసివచ్చెను. కాని ఆ నిరీక్షణమే తరువాతివారికి గొప్ప సాక్ష్యమైనది. కష్టము మనుష్యుని మోకరిల్లజేయగలదు. లేచిన తరువాత అతడు ఏ దెసకు నడచునో చూచినగాని అతని మనస్సు తెలియదు.

1878 నడుమ వానలు కురియు సూచనలు కానవచ్చెను. సహాయనిధులు ముగింపునకు వచ్చెను. జూన్ మాసమున క్లౌ తన బోధకులను గుండ్లకమ్మ ఒడ్డున, ఉత్తరమునకు పోవు రాజమార్గము నదిని దాటుచోటనున్న వెల్లంపల్లికి రమ్మని కబురంపెను. ఒంగోలులో మశూచి యుండుటచే ఆ చోటు ఏర్పడినది. బోధకులు మాత్రమే రావలెనని ఆయన కోరిక. కాని వారి వెంబడి వేలకొలది జనులు వచ్చిరి. క్లౌ ఒక గోడపై కెక్కి, ఇక పంచుటకు డబ్బు లేదు, ఎవరి ఇండ్లకు వారు పొండని ప్రకటించెను. వారు పోలేదు. సహాయమునకు రాలేదనియు, కష్టపడి పనిచేసినట్లు తమ అరచేతుల బొబ్బలే చెప్పుననియు, మరల పంట తప్పి చావు వచ్చినను క్రైస్తవులుగా చావనిండనియు వేడుకొనిరి.

ఆ బొబ్బల అరచేతులే ఆనాటి అర్జీలు. వాటిని ఎవరు కాదనగలరు?

ప్రతివానిని వాని గ్రామపు బోధకుడు విచారించెను. పేర్లు వ్రాసిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది – మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో స్నానము పొందిరి. జూలై 3వ తేదీన ఇద్దరేసి బోధకులు నీటిలో దిగి, అలసినపుడు మరి ఇద్దరికి చోటిచ్చుచు, మధ్యాహ్నపు విరామము పోగా ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచి ముంచి లేపిరి. స్నానమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ స్వయముగా ఒక్కరికిని ఇయ్యలేదు. ఆ సంవత్సరము ముగియులోపల చేరినవారి సంఖ్య తొమ్మిదివేలు దాటెను. నాడు ప్రపంచమున అతి పెద్ద బాప్తిస్టు సంఘముగా ఒంగోలు పేరుపొందెను.

కూటికొరకేనా?

కరువు సహాయమునకు కృతజ్ఞత వారి మనస్సులలో లేదని ఎవరును చెప్పరాదు. కష్టకాలమున చేయిపట్టినవాని దేవునిపై నమ్మిక కలుగుట మానవ సహజము. అందు సిగ్గుపడదగినది లేదు. కాని కృతజ్ఞత మాత్రమే కారణమైనచో కాలము గడచినకొలది అది చల్లారవలెను. పండ్రెండేండ్ల తరువాత, 1890 డిసెంబరు 28న, ఒంగోలులో ఒక్కనాడు 1,671 మంది బాప్తిస్మము పొందిరి. నాడు ధాత కరువు లేదు. కాలువ కూలియు లేదు. ఆకలితో ముడిపడని ఈ సంఖ్యయే మొదటి విమర్శకు తగిన సమాధానము.

ఇక వారికి దొరికినదేమి? పొలము దొరకలేదు, మేడలు దొరకలేదు. దొరికినది మూడు విధములైన సంపద. మొదటిది పేరు. ఒరేయని మాత్రమే పిలువబడినవాడు నదీజలములో నిలువబడి తన పేరు తానే చెప్పి, ఆ పేరున పిలువబడెను. రెండవది చదువు. బోధకుల తర్ఫీదుకై 1872లోనే రామాపట్నమున వేదపాఠశాల వెలసెను. పల్లెలలో చిన్న బడులు లేచెను. వేదము చెవిన పడరాదన్న కట్టడి క్రింద బ్రదికినవాని కుమారుడు అచ్చుపడిన తెలుగు గ్రంథమును ఒడిలో పెట్టుకొని తన వారందరికి చదివి వినిపించెను. మూడవది, కష్టమునుగూర్చిన కొత్త చూపు. పూర్వజన్మ పాపఫలముగ ఈ గతి కలిగినదని తరతరములుగా వినుచున్నవారికి, సిలువమీద శ్రమపడిన దేవుని కథ తమ శ్రమను శాపముగా గాక సహవాసముగా చూపెను. తాము శిక్షింపబడుచున్నవారము కామనియు, తమ పక్షమున దేవుడు నిలిచినాడనియు వారు గ్రహించిరి. అట్లు గ్రహించినవాడు కష్టమును ప్రేమింపనక్కరలేదు. దానికి తలవంచనక్కరయును లేదు.

తరువాతి తరములు

కథ ఇచ్చటితో సుఖాంతమైనదని వ్రాయుట సత్యము కాదు. కరువులనుగూర్చి విచారణసంఘమొకటి 1880లో నివేదిక సమర్పించెను. పిదప కరువు నిబంధనావళి ఏర్పడెను. కాని కులము అట్లే నిలిచెను. చర్చిలోపలకు సయితము అది చెప్పులతోనే వచ్చెను. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ దారిద్ర్యమును, కులమతభేదమును తన ఇరువురు గురువులుగా చెప్పుకొనెను. మొదటిది సహనమును, రెండవది ఎదిరించు శక్తిని నేర్పినవట. గుండ్లకమ్మ ఒడ్డున బొబ్బల చేతులు చూపినవారి సంతతికి ఇంతకంటె తగిన వాక్యము లేదు. 1941లో గబ్బిలమును వ్రాసిన ఆ కవికి, క్రీస్తు చరిత్రమునకై 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు అందు చేర్చబడిరి, క్రైస్తవులు చేర్చబడలేదు. 1985లో కారంచేడునందు, 1991లో చుండూరునందు దళితులు హతులైన దుర్ఘటనలు మన జిల్లాల చరిత్రకు మాయని మచ్చలు. స్నానముచే ఊరి కట్టడి కరగిపోలేదని ఇవి చాటుచున్నవి. విశ్వాసము కష్టమును తీసివేయలేదు; కష్టముముందు నిటారుగా నిలుచు వెన్నెముకను మాత్రమిచ్చెను. ఇచ్చినది అంతయే, కాని అది కొంచెము కాదు.

ఈ చరిత్రలో పెద్దభాగము ఆంగ్లమున మిగిలినది. పేరయ్య కాలపు మాదిగల కథలను క్లౌ రెండవ భార్యయగు ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో గ్రంథముగా వెలువరించెను. 1910లో క్లౌ మరణింపగా, ఆయన జ్ఞాపకములు 1914లో ఆమె కూర్పుతోనే వెలువడెను. ఆ గుంపులను నడపిన ముప్పదిమంది తెలుగు బోధకులలో, పల్లెపల్లెకు పోయి స్త్రీలకు చదివి వినిపించిన తల్లులలో, ఎందరి పేర్లు మనకు తెలియును?

ఇది గ్రంథాలయములు చేయదగిన పని. మన సీమలోనే 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసి, పాత పత్రికలను, గ్రంథములను కంటికి రెప్పవలె కాపాడినది. ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయమునకు అట్టి ఆశయము తగియున్నది. మన పల్లెలలోని వృద్ధుల నోట ధాత కరువు మాటలు, కాలువ త్రవ్వకపు పాటలు, పాత సంఘముల దస్తరములలో మొదటి సభ్యుల పేర్లు ఇంకను అక్కడక్కడ నిలిచియుండవచ్చును. వాటిని సేకరించి, ఒక బీరువాలో ఒక వరుసను వాటికై ప్రత్యేకించినచో, కోటలు కట్టించినవారి చరిత్ర ప్రక్కనే కాలువ త్రవ్వినవారి చరిత్రయు నిలుచును. ఒకనాడు పుస్తకమును తాకనీయక దూరముంచిన ఇంటిపేరు గల బాలిక మన గ్రంథాలయమునకు వచ్చి, ఆ వరుసనుండి ఒక గ్రంథమును తీసి, అందు తన ముత్తాత పేరు చదువుకొన్న దినమున ఈ రజతోత్సవము సార్థకమగును.